తుప్పు పట్టిన ప్లేటు

ఆ చప్పుడు మా ఇంట్లో మొదట విన్నది నేనే. జ్యేష్ఠం చివర్లో ఒక పొద్దున, మా జహనుమా గల్లీలో ఉమాపతి పికప్ స్టార్ట్ చేసి అద్దం తుడుచుకుంటున్నాడు. డీజిల్ బండి గుడగుడ మాకు అలవాటే. ఆ గుడగుడ కింద ఇంకొకటి ఉంది. టిక్కు టిక్కుమని, గాజుల చెయ్యి గిన్నెకు తగులుతున్నట్టు. పాలగిన్నె పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను.

“ఉమా, కింద ఏందో కొట్టుకుంటుంది బిడ్డా.”

“నీకు ఫ్యాను తిరిగినా గట్లనే ఇనొస్తదమ్మా.”

“నవ్వకు. ఇంజన్ బంద్ చేసి చూడు.”

“బంద్ చేస్తే సప్పుడెట్లొస్తది?” అని ఇంకా నవ్వి, ఎక్కి గేరు వేశాడు. గేరు పడగానే ఆ టిక్కు మాయమైంది. కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు.

నేను ఏడో తరగతి వరకే చదివాను. బండ్ల సంగతి నాకు తెలియదు. భయపడటం తెలుసు. అప్పటికి మూడేళ్ల ముందు నా కొడుకు ఆటోను లారీ గుద్దిన రోజు పొద్దున కూడా “ఇయ్యాల పోకు” అన్నాను. రోజూ అనేదాన్నే కాబట్టి ఆ రోజు అన్నదానికి విలువ లేకుండా పోయింది. అప్పటినుంచి వాడికి ఎడమ కాలు మోకాలి కింద లేదు. జైపూర్ కాలు తొడుక్కుంటాడు. క్లచ్ తొక్కే బండి నడపలేడు. అందుకే ఏడాదిపాటు వెతికి, గేర్లు వాటంతట అవే మారే ఈ పాత పికప్ తెచ్చుకున్నాడు. పాతబస్తీలో అలాంటిది ఇంకొకటి ఉందో లేదో. బండిలో ఉన్నంతసేపు వాడు అందరిలాంటి డ్రైవరు. దిగితే గల్లీలో ఆడుకునే పిల్లలు కూడా ఆట ఆపి దారి ఇస్తారు. అలా దారి ఇవ్వడం వాడికి నచ్చదు.

ఆ ఆషాఢంలో వాడికి ఒక సంతోషం దొరికింది. బోనాల రోజున అమ్మవారికి నైవేద్యాలు మోసే ఫలహారం బండిగా బస్తీ కమిటీ వాళ్లు ఈసారి వాడి పికప్‌నే అడిగారు. “పూలు, లైట్లు మొత్తం వాళ్లే చూస్కుంటరంట. నేను స్టీరింగ్ కాడ కూసునుడే,” అని నాకు, పెళ్లానికి మూడేసిసార్లు చెప్పాడు. నా కోడలు మనస్విని మురిసిపోయి ఆ రోజుకని వాడికి పసుపు రంగు లాల్చీ కుట్టడం మొదలుపెట్టింది. నా కళ్లకు మాత్రం గుడికి ముందు వచ్చే ఎత్తే కనిపించింది. బండి వెనక బోనాలెత్తుకుని వందమంది ఆడవాళ్లు. మధ్యలో ఆ టిక్కు టిక్కు.

పది రోజులకు చప్పుడు వాడికీ వినిపించింది. ఇక నవ్వలేదు.

ఫలక్‌నుమా స్టేషన్ పక్కన డానియేలు షెడ్డు ఉంది. మా బండి మీద చెయ్యి వేసేది ఆయనొక్కడే. సోమవారం మధ్యాహ్నం నేను సద్ది తీసుకుని వెళ్లేసరికి గేర్‌బాక్స్ దించేసి ఉంది. డానియేలు చేతిలో ఒక గుండ్రటి ఇనుప ప్లేటు. రొట్టెల పెనమంత వెడల్పు, అంతకన్నా పలచన, చుట్టూ పళ్లు.

“ఇంత పలచనిదా, అంత బండిని గుంజేది?” అన్నాను.

“గుంజేది ఇంజనక్కా. ఇది ఆ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందిస్తది. ఫ్లెక్స్ ప్లేటంటరు. క్లచ్ బండ్లల్ల గీ జాగల మందం చక్రముంటది. మనది ఆటోమేటిక్ గద, పలచగుంటది. జెరంత వంగుకుంట తిరగాలె ఇది.” నడిమి బోల్టు రంధ్రాల చుట్టూ వేలితో చూపించాడు. “సూడు. రెండు రంధ్రాల నడుమ పగిలింది. గిదే నీకు ఇనొచ్చిన సప్పుడు.”

“నువ్వు చెప్తనే ఉంటివి అమ్మా,” అన్నాడు ఉమాపతి, మెచ్చుకుంటున్నట్టే. ఆ మాటకు సంతోషించాల్సింది పోయి నేను డానియేలు వైపు తిరిగాను.

“గట్లనే నడిపితే ఏమైతుండె?”

“ఎత్తు మీద, బరువు మీద ఇరుగుతది. ఇంజన్ తిరుగుతనే ఉంటది, బండి మాత్రం ముందటికి రాదు. ఎనకకు జారుతది.”

“వెల్డింగ్ పెట్టించొచ్చు గద అన్నా?” అని అడిగాడు ఉమాపతి.

డానియేలు ప్లేటు కింద పెట్టాడు. “నా షెడ్డుల కాదు. అతుకు పెట్టిన కాడ వంగదు, దాని పక్కన పగుల్తది. బోనాల బండికి గిసొంటి పని చేసి నేను చర్చికి ఏ మొకం పెట్టుకొని పోవాలె? కంపెనీకి చెప్తే మూడు వారాలు పడ్తది. అప్పటికి బోనాలైపోతయ్. నీ బండి అసొంటిదే ఎక్కడన్న తుక్కుకు పోయి ఉంటే దాని ప్లేటు తేవాలె. పండ్లు గిన్నే ఉండాలె, రంధ్రాలు కలవాలె, లోతు కలవాలె. నేను అడుగుత, ఫికర్ చెయ్యకు.”

“ఆషాఢంల కొత్త సామాను కొనొద్దంటరు,” అన్నాను నేను.

“తుక్కుల సామాను కొత్తదెట్లయితదక్కా?” అని డానియేలు నవ్వాడు. ఉమాపతి కూడా నవ్వాడు. వాణ్ని ఆపుదామనుకున్న నా ఉపాయం అక్కడే పోయింది.

మంగళవారం పొద్దున నా చిన్న ఫోను మోగింది. ఉమాపతి తన ఫోను బంద్ చేసి ఛార్జింగ్ పెట్టి స్నానానికి వెళ్లాడు. మనస్విని కుట్టుమిషన్ మీద ఉంది.

“అక్కా, ఉమాపతి ఫోన్ కలుస్తలేదు,” డానియేలు గొంతు. చుట్టూ బస్టాండు లొల్లి. “ప్లేటు దొరికింది. వంతెన కింద జిలానీ భాయ్ దుకాణంల. నేను చూసిన, అచ్చం మనదే, మస్తుగుంది. రేపు సాయంత్రం దాకా పక్కకు పెడ్తనన్నడు. నేను మా అక్క కొడుకు పెండ్లికి జహీరాబాద్ పోతున్న, శనివారం పొద్దుగాల వస్త. బండి బిగించి ఇస్త. వానికి చెప్పు.”

“చెప్త తమ్మీ,” అన్నాను.

“ఎవరత్తమ్మా?” అని లోపలినుంచి అడిగింది మనస్విని.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. “రాంగ్ నంబర్,” అని వచ్చింది.

ఆ మాట అన్నాక వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో తెలియదు. నేను వాడికి అన్యాయం చేస్తున్నానని అనుకోలేదు. ప్లేటు లేకపోతే బండి లేదు. బండి లేకపోతే ఆ ఎత్తు లేదు. ఈ ఒక్క ఆషాఢం దాటితే చాలు. కమిటీ వాళ్లు వేరే బండి చూసుకుంటారు, వాడు రెండు రోజులు బాధపడతాడు, బతికి ఉంటాడు. నా లెక్క అంతే.

ఆ రెండు రోజులు వాడు మధ్యాహ్నం ఇంట్లో తిన్నాడు. బండి కొన్నాక అలా తిన్నది లేదు. వాడికిష్టమని చింతచిగురు పప్పు చేశాను. వాడు ముద్ద కలిపి, తినకుండా ఫోన్ చెవిన పెట్టుకుని, నాంపల్లి, మూసాపేట, ఎక్కడెక్కడివాళ్లనో అడిగాడు. ఊరెళ్లిన డానియేలు ఫోను కలవలేదు. లేదు, లేదు, లేదు. కమిటీవాళ్లు ఫోన్ చేస్తే మాత్రం గొంతు మార్చి “ఇస్తనన్నా, బండి ఇస్త. నాది జబాన్, మాట తప్ప,” అనేవాడు. కాలు విప్పి పక్కన పెట్టి గడపలో కూర్చున్నాడు. నేను వెనకనుంచి చూస్తూ, ఇంట్లోనే ఉన్నాడు కదా అనుకున్నాను.

గురువారం నేను, మనస్విని బోనం కుండ కోసం ఛత్రినాక వెళ్లాం. రోడ్డు పొడవునా కుండలు. మా అత్త నేర్పిన పద్ధతి ప్రకారం ఒక్కో కుండను ఎడమ అరచేతిలో నిలిపి, వేలి కణుపుతో కొట్టి చూశాను. మంచి కుండ కంగుమని, కాసేపు మోగుతుంది. కంటికి కనిపించని బీట ఉన్నా చాలు, దబ్బుమని అక్కడే ఆగిపోతుంది. దీపం పెట్టి నెత్తిన ఎత్తుకునే కుండ. సున్నం పూశాక బీట కనపడదు కాబట్టి ముందే వినాలి.

“ఎన్ని కొడ్తవమ్మా, నా కుండలన్నీ ఏడుస్తున్నయ్,” అంది అమ్మే ఆవిడ.

“మా అత్తమ్మ గంతే. నన్ను కూడ గట్లనే కొట్టి చూస్కున్నది పెండ్లప్పుడు,” అంది మనస్విని. ఇద్దరూ నవ్వారు. పదకొండో కుండ మోగింది. తీసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఉమాపతి ముఖం వెలిగిపోతోంది. కాళ్ల దగ్గర గోనెసంచి.

“కుదిరిందమ్మా. దొరకనిదానికోసం ఎందుకు తిరగాలె? మన పాత ప్లేటు డానియేలన్న షెడ్డుల్నే ఉండె. వెల్డింగ్ పెట్టించిన. పక్క షెడ్డాయన రేపు బిగిస్తనన్నడు. ఆదివారం నా బండే పోతది.”

“డానియేలు వద్దన్నడు గదరా.”

“ఆయన ఊర్ల లేడు. ఇంక వేరే దారేమున్నది చెప్పు? ఒక్క దినం ఇరగకుంటే చాలు.”

సంచిలోంచి ప్లేటు తీశాను. పగిలిన చోట వెల్డింగ్ ఉబ్బు తెల్లగా మెరుస్తోంది. నడిమి రంధ్రంలో వేలు పెట్టి ఎత్తి, రెండో చేత్తో గరిటె తీసుకుని కొట్టాను. దబ్బుమంది. అంతే. మళ్లీ కొట్టాను.

“ఏం చేస్తున్నవమ్మా, అది కుండా?”

నేను ఆపాలనుకున్న ఎత్తు మీదికే వాడు ఈ ప్లేటుతో వెళ్తాడు. నేను నోరు మూసుకున్నందువల్ల వెళ్తాడు.

“జిలానీ భాయ్ దుకాణంల ఉందంట,” అన్నాను. “మంచిది. డానియేలు ఫోన్ చేసిండు.”

“ఎప్పుడు?”

“మంగళారం.”

లోపల కుట్టుమిషన్ ఆగింది. మనస్విని బయటికి రాలేదు.

వాడు అరుస్తాడనుకున్నాను. ప్లేటు నా చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టాడు. సంచి మూతి ముడి వేశాడు. ముడి సరిగ్గా పడక విప్పి మళ్లీ వేశాడు. తర్వాత కాలు తొడుక్కున్నాడు. పట్టీలు బిగించడం అయ్యాక అన్నాడు, “చెప్పులేస్కో. పోదాం.”

ఆటోలో ఇద్దరి మధ్యా ఆ సంచి.

జిలానీ భాయ్ దుకాణం నిండా విప్పేసిన బండ్ల ముక్కలు. ఆయన తెల్ల గడ్డం, చెవి మీద పెన్సిలు. విషయం విని తల ఊపాడు.

“అరే అమ్మా, డానియేల్ భాయ్ చెప్పిండని బుధారం సాయంత్రం మగ్రిబ్ నమాజ్ దాకా పక్కకు పెట్టిన. ఎవ్వర్ రాలే. ఇయ్యాల సుబే శంషాబాద్ వాలా తీస్కపోయిండు.”

ఉమాపతి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

“ఇంక లేవా భాయ్?”

“దో హై. దేఖో, మీ నసీబ్.”

రెండు ప్లేట్లు తెచ్చి బల్ల మీద వేశాడు. ఒకటి నల్ల రంగు పూసి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. రెండోది ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఉమాపతి డానియేలుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల పెళ్లి బ్యాండు.

“పండ్లు లెక్కపెట్టు. ఒక పంటికి సుద్దముక్కతోని గీత పెట్టు, మళ్ల గాడికే రావాలె,” అని అరిచాడు డానియేలు. ఉమాపతి లెక్కపెట్టాడు. సగంలో తప్పాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

“పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్రు, దాంత్ లెక్కపెట్టుకుంట,” అన్నాడు జిలానీ భాయ్. ఎవరూ నవ్వకపోయేసరికి తనే కుర్చీ జరిపాడు. “బైఠో బేటా.” వాడు కూర్చోలేదు.

పళ్లు రెండింటికీ సరిపోయాయి. మేం తెచ్చిన పాతదాన్ని ఒక్కోదాని మీద పెట్టి చూస్తే రంధ్రాలన్నిట్లోంచి కింది బల్ల కనిపించింది. లోతు కొలవడానికి మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి, ఇంకో స్కేలు కిందికి దించాడు. వెల్డింగ్ సంగతి చెప్తే తిట్టి, ఉబ్బు లేని వైపు కొలవమన్నాడు డానియేలు. రెండూ కలిశాయి. “ఇంక పగులు లేకుండ చూసి తీస్కో…” అంటుండగానే బ్యాండు మోతలో ఫోన్ కట్టయింది. మళ్లీ కలవలేదు.

“గీ నల్లది తీస్కుంట భాయ్. సాఫ్‌గుంది,” అన్నాడు ఉమాపతి.

“ఆగు బిడ్డా,” అన్నాను. “భాయ్, ఒక పానా ఇయ్యి.”

జిలానీ భాయ్ ఇచ్చాడు. నల్ల ప్లేటును వేలికి తగిలించి కొట్టాను. దబ్బు. తిప్పి ఇంకో పక్క కొట్టాను. దబ్బే. తుప్పుదాన్ని ఎత్తాను. తుప్పు పొడి నా చీర మీద రాలింది. కొట్టాను. కంగుమని మోగి, ఆ మోత సన్నగా సాగుతూ దుకాణం గోడలదాకా వెళ్లింది.

ఉమాపతి ఇప్పుడు నన్నే చూస్తున్నాడు. “ఏది మంచిదమ్మా?”

రెండూ పగిలినవే అని ఒక్క మాట అంటే చాలు. బోల్టులు, లోతులు వాడికి తెలుసు గానీ ఈ వినడం వాడికి రాదు. నేను అన్నదే నమ్ముతాడు. డానియేలు ఫోను కలవదు. ఆదివారం వాడు ఇంట్లో ఉంటాడు. నేను ఏం చేశానో గంట కిందటే తెలిసి కూడా వాడు నన్నే అడుగుతున్నాడు. ఎడమ కాలు నొప్పి పెడుతోందేమో, బల్ల అంచు పట్టుకుని బరువంతా కుడికాలి మీద వేసి నిలబడ్డాడు.

“తుప్పుది,” అన్నాను.

“అమ్మా, ఓ నయా హై, సాఫ్ హై…” అంటూ జిలానీ భాయ్ బ్లేడు తీసుకుని నల్ల రంగు గీకాడు. నడిమి రంధ్రాల దగ్గర గీకేసరికి వెంట్రుకంత గీత కనిపించింది. ఆయన చెయ్యి ఆగింది. “తోబా తోబా,” అని ఆ ప్లేటును విసురుగా తుక్కు కుప్ప మీదికి విసిరాడు. “నాకు తెల్వదు బేటా, కసమ్‌సే. గట్లనే వచ్చింది నా దగ్గరకు.” మా వెల్డింగ్ ప్లేటును కూడా ఆ కుప్ప మీదే వేయించాడు ఉమాపతి.

తిరిగి వస్తుంటే తుప్పు ప్లేటు నా ఒళ్లో ఉంది. ఆటో ఫలక్‌నుమా దాటాక వాడు నోరు తెరిచాడు.

“ఆ వెల్డింగ్‌దే ఏస్తుంటి నేను.”

“తెల్సు బిడ్డా.”

“నీకు భయమైతే భయమని చెప్పు. లొల్లి పెట్టు. ఏడువు. గిట్ల చెయ్యకు.”

“చెయ్య.”

నేను సాకు చెప్పలేదు.

శనివారం డానియేలు పెళ్లి పసుపు చేతులతోనే వచ్చి ప్లేటును కిరోసిన్‌తో కడిగి, ఇనుప బ్రష్‌తో రుద్ది, వెలుతురుకు పట్టి చూశాడు. “బంగారమసొంటిది దొరికింది,” అన్నాడు. పాత బోల్టులు పక్కన పడేసి కొత్తవి వేశాడు. వరసగా కాకుండా ఒకటి ఇటు, దానికెదురుగా ఒకటి అటు, ఎంత బిగువో చూపించే పానాతో బిగించాడు. నేను పీట మీద కూర్చుని ప్రతి బోల్టూ చూశాను.

“అక్కా, మంగళారం నేను చెప్పిన గద? మంచిదెందుకు పోయింది?”

“నువ్వు చెప్పినవ్ తమ్మీ. నేనే చెప్పలే.”

డానియేలు ఇంకో బోల్టు అందుకున్నాడు. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ ఉమాపతితో మెల్లగా అన్నాడు, “నీ ఫోన్ కలవకుంటే చెయ్యనీకి ఇంకో నంబర్ ఉంటే ఇయ్యి.” వాడు మనస్విని నంబర్ ఇచ్చాడు. పది అంకెలూ నేను విన్నాను.

ఆదివారం పొద్దు వాలకముందే ఫలహారం బండి కదిలింది. బంతిపూలు, వేపమండలు, అద్దాల బట్ట కప్పి ఉంటే మా పికప్‌ను నేనే గుర్తుపట్టలేదు. పసుపు లాల్చీలో ఉమాపతి నిటారుగా కూర్చున్నాడు. ముందు పోతరాజు కొరడా తిప్పుతుంటే జనం అరుస్తున్నారు. నెత్తిన బోనంతో నేను బండి వెనక, దానికి ఆనుకున్నంత దగ్గరగా నడిచాను.

“అత్తమ్మా, పక్కకు రా. పొగ కొడుతుంది,” అంది మనస్విని. గురువారం తర్వాత తను నాతో మాట్లాడిన మొదటి మాట అది.

“ఈడనే నడుస్త.”

గుడి ముందు ఎత్తు వచ్చింది. సరిగ్గా సగం ఎత్తులో పోతరాజు ఆడటానికి ఆగాడు. బండి ఆగింది. వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. డప్పుల మోతలో నా చెవులు పనిచేయలేదు. టిక్కు ఉందో లేదో దేవుడికెరుక. కుండ మీద దీపం వేడి నెత్తికి తెలుస్తోంది. చక్రాలనే చూస్తూ నిలబడ్డాను. పక్కకు ఒక్క అడుగు వేస్తే చాలు, వెయ్యలేదు. పక్క అద్దంలో వాడి కళ్లు నన్ను చూసి, మళ్లీ ముందుకు తిరిగాయి. ఎర్ర లైట్లు ఆరాయి. చక్రాలు ముందుకు తిరిగాయి.

ఇదంతా జరిగి ఏడాది కావస్తోంది. బండి సంగతులకు డానియేలు మనస్వినికే ఫోన్ చేస్తాడు. తను వాడికి చెబుతుంది, తర్వాత వంటింట్లోకి వచ్చి నాకూ చెబుతుంది. చెప్పకపోయినా అడిగే హక్కు నాకు లేదు. భయం నాకు ఏమీ తగ్గలేదు. “భయమైతుంది బిడ్డా,” అని ఇప్పుడు పైకే అంటాను. “కానియ్యమ్మా,” అంటాడు వాడు.

రోజూ పొద్దున గల్లీలో పికప్ స్టార్ట్ చేశాక ఉమాపతి వెంటనే గేరు వెయ్యడు. అద్దం దించి, ఎటో చూస్తూ కూర్చుంటాడు. నేను చేస్తున్న పని ఆపి గడపలోకి వస్తాను. ఇంజన్ గుడగుడ కింద ఇంకేమైనా ఉందా అని కళ్లు మూసుకుని వింటాను. వాడు అడగడు. నేను చెప్పను. చెయ్యి ఎత్తుతాను.

అప్పుడు గేరు వేస్తాడు.